‘రా’ అంటే రాడు, ‘కూర్చో’ అంటే కూర్చోడు

ప్రశ్న: మాది కాకినాడ, మూడో అంతస్తులో ఫ్లాట్. జూలై వానల్లో సెల్లార్‌లో తడిసి వణుకుతున్న వీధికుక్కను ఇంటికి తెచ్చుకున్నాం. ఆరు నెలల వయసు ఉంటుందని డాక్టరుగారు చెప్పారు, టీకాలు మొదలుపెట్టారు. పేరు రాజా. ఇంట్లో నేను, మావారు, తొమ్మిదేళ్ల బాబు, అరవై ఎనిమిదేళ్ల అత్తగారు ఉంటాం. వాడు వచ్చి నెలన్నర అయింది. ఎంత ముద్దుగా ఉంటాడో అంత మొండి. మావారు వీడియోలు చూసి ‘సిట్’ అంటారు. బాబు ‘సిట్ సిట్ సిట్’ అని వెంటపడతాడు. అత్తగారు ‘కూర్చోరా నాన్నా’ అంటారు, వాచ్‌మన్ ‘బైఠో’ అంటాడు. దేనికీ కూర్చోడు. పిలిస్తే రాడు. గుమ్మంలో అత్తగారు కనబడగానే మీదికి ఎగురుతాడు. మొన్న ఆవిడ పడబోయారు. ట్రైనర్‌ను పిలిస్తే నడుం మీద చెయ్యేసి కిందికి నొక్కమన్నాడు, వినకపోతే పేపరు చుట్టి మూతి మీద ఒక్కటి వెయ్యమన్నాడు. పేపరు తీయడానికి నేను వంగానో లేదో, వాడు సోఫా కిందికి దూరిపోయాడు. నెల రోజులు తన దగ్గర వదిలితే అన్నీ నేర్పి ఇస్తానంటున్నాడు. వదలమంటారా? వీధికుక్కలకు నేర్పడం కష్టమంటున్నారు, నిజమేనా? ఇంకొకటి, అత్తగారు అడగమన్నారు: వాడికి తెలుగు అర్థమవుతుందా?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం చదువుతూ ‘కూర్చో’ అనే ఒక్క పనికి మీ ఇంట్లో ఎన్ని మాటలున్నాయో లెక్కపెట్టాను. సిట్, సిట్ సిట్ సిట్, కూర్చోరా నాన్నా, బైఠో. మీరేమంటారో రాయలేదు కాబట్టి ఐదోది కూడా ఉండే ఉంటుంది. రాజాది మొండితనం కాదండీ. నెలన్నరగా వాడు నలుగురు మాస్టార్లు నాలుగు రకాలుగా ఒకేసారి పాఠం చెప్పే బడికి వెళ్తున్నాడు. నేర్పాల్సింది ముందు వాడికి కాదు, మీ నలుగురికీ. అదయ్యాక వాడి పని తేలిక.

ముందు ‘రా’ సంగతి చూద్దాం. తెలుగిళ్లలో కుక్కల్ని పాడుచేసేది ఈ ఒక్క అక్షరమే అని నా గట్టి నమ్మకం. రేపు పొద్దున ఒక గంటసేపు మీ అత్తగారి మాటలు చెవొగ్గి వినండి. ‘ఏంట్రా’, ‘తిన్నావుట్రా’, ‘ఎందుకురా ఆ అరుపులు’, ‘వద్దురా’, ‘ఆ చెప్పు వదలరా’. వీటిలో ఏ ‘రా’కీ రమ్మని అర్థం లేదు. ఆఖరికి ‘పోరా అవతలికి’లో కూడా ‘రా’ ఉంది! దానికి తోడు వాడి పేరులోనే మొదటి అక్షరం రా. మీ బాబును పిలిచే పిలుపుల్లోనూ అదే ఉంటుంది. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా వినబడుతూ, విన్న తర్వాత ఏమీ జరగని చప్పుడును ఏ ప్రాణి అయినా పట్టించుకోవడం మానేస్తుంది. రైలుకట్ట పక్కన ఇల్లున్నవాళ్లకు రైలు వినబడదు చూడండి, అలాగన్నమాట. మీరు బాల్కనీలోంచి ‘రాజా, రారా!’ అని పిలిచినప్పుడు వాడు మీ మాట కాదనడం లేదు. అది తనకు సంబంధించిన మాటేనని వాడికి తెలియదు.

పేరు మార్చక్కర్లేదు, ఇప్పటికి అలవాటు పడి ఉంటాడు. పిలుపు మార్చండి. మావైపు పిల్లల్ని ‘దా’ అని పిలుస్తాం. పొట్టి మాట, నోరు తెరిచి పలికే మాట, దూరానికి కూడా వినబడుతుంది. మీ గోదావరి వాళ్లకు అది నోరు తిరగకపోతే ‘కమ్’ అనుకోండి. ఏదైనా ఫరవాలేదు. ఇంట్లో ఇంకెవరినీ ఆ మాటతో పిలవకూడదు, అదొక్కటే షరతు.

ఇక మిగతా మాటలు. రాత్రి భోజనాలయ్యాక నలుగురూ కూర్చుని తేల్చుకోండి. ఇక్కడ నాదొక సలహా: మీవారి ఇష్టం కాదు, అత్తగారి నోటికి ఏది సులువో అది పెట్టండి. రాజాతో పగలంతా ఉండేది ఆవిడే. ఆవిడ ‘కూచో’ అంటారా, అయితే అందరూ ‘కూచో’. వాచ్‌మన్‌తో సహా. మాటలు ఒకదానికొకటి వినికిడిలో దగ్గరగా లేకుండా చూసుకోవాలి. ‘కూచో’, ‘పడుకో’ రెండూ ఓకారంతోనే ఆగుతాయి, తొందరలో చెబితే కుక్క చెవికి రెండూ ఒకటే. అందుకే పడుకోవడానికి ‘డౌన్’ అనండి. ఒకటి తెలుగు, ఒకటి ఇంగ్లీషు అయితే ఎలా అని మీవారు అనవచ్చు. రాజాకు మాతృభాష లేదని చెప్పండి. మొత్తం ఐదు మాటలు చాలు: దా, కూచో, డౌన్, ఆగు, వదిలెయ్. ‘వద్దు’ను మాత్రం కట్టిపెట్టండి. అది మీ బాబుకు రోజుకు వందసార్లు చెప్పే మాట.

ఇప్పుడు ‘కూచో’ ఎలా నేర్పాలో కాస్త నిదానంగా చెబుతాను. ఇది సరిగ్గా పడితే మిగతావి దాని వెనకే వస్తాయి.

తిండితో మొదలుపెడదాం. ముక్క శనగగింజంత ఉండాలి, అంతకన్నా పెద్దది వద్దు. నమలడానికి టైము పట్టకూడదు, వాసన మాత్రం రావాలి. మాంసం వండే ఇల్లయితే ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్‌ను మించింది లేదు. వండని ఇల్లయితే పనీరు, ఉడికించిన చిలగడదుంప. ఉల్లి, వెల్లుల్లి వేసిన ఏ కూరా, సాంబారూ కుక్కకు పెట్టకూడదు, వాటి రక్తానికి అవి చెడుపు. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ అయితే విషమే. పండక్కి చేసిన లడ్డూ ప్రసాదం కదా అని ముద్దుగా నోట్లో పెట్టేస్తారు, అందులోని కిస్‌మిస్‌లు ఎవరికీ గుర్తుండవు. అత్తగారికి ఇది ప్రత్యేకంగా చెప్పండి. రోజు మొత్తంలో ఈ చిరుతిండి వాడు తినే తిండిలో పదో వంతు దాటకూడదు. ఆ మేరకు గిన్నెలో తగ్గించేయండి.

తర్వాత ఒక మెచ్చుకోలు మాట. ‘భేష్’ అనుకుందాం. మీరు ఫ్రిజ్ తలుపు తీస్తే రాజా ఎక్కడున్నా వచ్చి నిలబడతాడు కదా? ఆ తలుపు వాడిని ఎన్నడూ పిలవలేదు, బతిమాలలేదు. ఆ చప్పుడు తర్వాత తిండి కనబడుతుంది, అంతే. రష్యాలో ఇవాన్ పావ్లోవ్ జీర్ణక్రియ మీద పనిచేస్తూ గమనించింది ఇదే: తిండి నోట్లో పడకముందే, అది తెచ్చే మనిషి రాకకే కుక్కలకు నోరూరడం. జీర్ణక్రియ మీద చేసిన పనికి ఆయనకు 1904లో నోబెల్ వచ్చింది. మీ ఫ్రిజ్ ఉచితంగా అదే పాఠం చెబుతోంది. కాబట్టి మొదటిరోజు ఏమీ అడగకుండా ఊరికే ‘భేష్’ అనండి, ముక్క ఇవ్వండి. పదిహేను ఇరవైసార్లు. ‘భేష్’ అనగానే చెవులు నిక్కబొడుచుకుని మీ చేతివైపు చూశాడంటే ఆ మాటకు విలువ వచ్చినట్టే.

అప్పుడు అసలు పని. మీరు పీట మీద కూర్చోండి. నిలబడి వాడి మీదికి వంగవద్దు. ఎందుకో మీ ఉత్తరంలోనే ఉంది. పేపరు కోసం వంగితే వాడు సోఫా కిందికి దూరాడన్నారు. వీధిలో పుట్టిన కుక్కకు మనిషి నేలవైపు వంగడమంటే అర్థం ఒక్కటే: రాయి తీస్తున్నాడు. మన ఊళ్లలో కుక్క వెంటపడితే ఊరికే వంగి రాయి తీసినట్టు నటించమని చిన్నప్పుడు అందరికీ చెప్పేవాళ్లు. రాజా ఆ పాఠం అవతలి వైపునుంచి నేర్చుకున్నాడు. అందుకే పీట.

ముక్కను మూడు వేళ్ల మధ్య పట్టుకుని వాడి ముక్కుకు దగ్గరగా పెట్టండి, తాకేంత దగ్గరగా. వాసన పట్టాక చేతిని మెల్లిగా పైకి, కాస్త వాడి తలవెనక్కి జరపండి. చెయ్యి మరీ ఎత్తితే ఎగురుతాడు. మరీ ముందుకు లాగితే నడుస్తాడు. రెండు కళ్ల మధ్యనుంచి నడినెత్తి మీదుగా, జానెడు దూరం కూడా ఉండదు ఆ ప్రయాణం. ముక్కు పైకి లేస్తుంది, మెడ వెనక్కి వాలుతుంది, వెనకభాగం దానంతటదే కిందికి దిగుతుంది. అది నేలను తాకిన క్షణంలో ‘భేష్’. తర్వాత ముక్క. ఆలస్యం చేసి, వాడు మళ్లీ లేచాక ఇచ్చారంటే మీరు లేవడానికి జీతమిచ్చినట్టు.

గమనించారా, ఇంతవరకు ‘కూచో’ అనే మాట నేను ఎక్కడా అనమనలేదు. చేసేపని ఏమిటో తెలియకముందే దాని పేరు చెబుతూ పోతే ఆ పేరు కూడా ‘రా’ గతే పడుతుంది. చేతి సైగకు పదికి తొమ్మిదిసార్లు కూర్చుంటున్నాడంటే అప్పుడు మాట కలపండి. ముందు ‘కూచో’, ఒక క్షణం ఆగి, తర్వాత సైగ. రెండూ ఒక్కసారి చేస్తే వాడు చేతినే చూస్తాడు, మాట గాలికి పోతుంది. కొన్నాళ్లకు సైగ రాకముందే కూర్చునే ఘడియ ఒకటి వస్తుంది. ఆరోజు మీ ఇంట్లో ఎవరో ఒకరు కేకేస్తారు చూడండి.

మాట ఒక్కసారే చెప్పాలి. ఇది మీ బాబుకు. ‘సిట్ సిట్ సిట్ సిట్’ అని నాలుగోసారికి కూర్చుంటే, కుక్క నేర్చుకునేది నాలుగోసారికి కూర్చోవాలని. చెప్పి, లోపల మూడు అంకెలు లెక్కపెట్టుకుని, కూర్చోకపోతే మాట మళ్లీ అనకుండా సైగ చేయమనండి. తొమ్మిదేళ్ల పిల్లాడికి ఇది కుక్కకన్నా కష్టం. వాడికి కూడా ఒక ‘భేష్’ పెట్టుకోండి.

ఒక్కో విడత మూడు నిమిషాలు, మహా అయితే ఐదు. రోజుకు మూడుసార్లు, తిండికి ముందు. ఆదివారం కదా అని మీవారు గంటసేపు క్లాసు తీసుకుంటే వారమంతా చేసింది పోతుంది.

వీధికుక్కలకు నేర్పడం కష్టమన్నవాళ్ల సంగతి. కోల్‌కతాలోని ఐసర్ అనే విజ్ఞానశాస్త్ర సంస్థలో పరిశోధకురాలు అనిందితా భద్ర బృందం వీధికుక్కల మీదే చాలాకాలంగా పనిచేస్తోంది. ఏ ట్రైనింగూ లేని కుక్కల ముందు రెండు గిన్నెలు పెట్టి, ఒకదాన్ని వేలితో చూపించారు. చాలా కుక్కలు భయపడి దగ్గరికే రాలేదు. వచ్చినవాటిలో ఐదింట నాలుగు చూపించిన గిన్నె దగ్గరికే వెళ్లాయి. 2020లో ఈ ఫలితాలు ప్రచురించారు. ఆ వార్త చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేయలేదు. మన వీధుల్లో మనిషి చెయ్యి ఎటు కదులుతుందో కనిపెట్టలేని కుక్క ఎన్నాళ్లు బతుకుతుంది? తెలివి తక్కువ కాదు, భయం ఎక్కువ. రాజాకు నేర్పేటప్పుడు మీరు ఓర్పు చూపించాల్సింది ఆ భయం దగ్గరే. అదే బృందం 2017లో ఇంకోటి చూపించింది: కొత్త మనిషి పదేపదే వచ్చి తల నిమిరితే, తిండి పెట్టిన దానికన్నా ఎక్కువ నమ్మకం పెంచుకున్నాయి వీధికుక్కలు. కాబట్టి ముక్క ఇచ్చే చెయ్యి గొంతుకింద ఒకసారి నిమరడం కూడా మరిచిపోవద్దు. నెత్తి మీద తట్టొద్దు, పైనుంచి వచ్చే చెయ్యి వాడికింకా నచ్చదు.

ఆ ట్రైనర్ గురించి అడిగారు. నడుం నొక్కితే కుక్క కూర్చోదు, ఎదురు బిగుసుకుంటుంది. మిమ్మల్ని ఎవరైనా భుజం పట్టి నెట్టితే మీరూ కాళ్లు తన్నిపెట్టి నిలబడతారు కదా. ఎదిగే వయసులో తుంటి కీళ్ల మీద ఆ బరువు మంచిది కూడా కాదు. పేపరుతో కొడితే నేర్చుకునేది కూర్చోవడం కాదు, పేపరు పట్టుకున్న మనిషికి దూరంగా ఉండడం. మీరు పొద్దున్నే పేపరు చదివే ఇల్లయితే ఇక చెప్పేదేముంది. ‘కుక్కకు మనం లీడర్‌లా ఉండాలి, లొంగదీసుకోవాలి’ అని కూడా ఆయన అనే ఉంటాడు. ఆ మాటకు మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త బోనులో కలిపి ఉంచిన తోడేళ్లను చూసి రాసింది. తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెచ్ 1970లో తన పుస్తకంతో దాన్ని ఊరూరా తిప్పాడు. అడవిలో తోడేళ్లను ఏళ్ల తరబడి వెంబడించాక 1999లో ఆయనే వెనక్కి తీసుకున్నాడు. అడవి గుంపు అంటే అమ్మా నాన్నా పిల్లలేనట, అక్కడ ఎవరూ ఎవరినీ లొంగదీసుకోవడం లేదట. చెప్పినాయన దిద్దుకున్నాడు, మన ట్రైనర్ల దాకా ఇంకా కబురు అందలేదు.

నెల రోజులు వదలమంటారా అంటే, వద్దంటాను. ఒకవేళ ఆయన దెబ్బలు లేకుండా నేర్పే మంచి మనిషే అయినా సరే. అక్కడ వాడు ఆయన మాట, ఆయన గొంతు, ఆయన స్థలం నేర్చుకుంటాడు. ఇంటికొచ్చాక మళ్లీ నాలుగు మాటలు, నలుగురు మాస్టార్లు. ఆ డబ్బుతో వారానికోసారి మీ ఇంటికే వచ్చి మీ చేత చేయించి, తప్పులు దిద్దే మనిషి దొరికితే పెట్టుకోండి. ఆయన జేబులో తిండి ఉందో, చేతిలో గొలుసు ఉందో ముందు చూసుకోండి.

‘దా’ గురించి ఇంకొంచెం చెప్పాలి. అన్నిటిలోకి ప్రాణం కాపాడే మాట ఇదే, చెడిపోయేది కూడా ఇదే.

నా మొదటి కుక్కకు పిలిస్తే రావడం బాగానే వచ్చేది. ఒకరోజు గేటు తీసి ఉంటే రోడ్డు మీదికి పోయింది. అరగంట పిలిచి పిలిచి, అది చివరికి తోకూపుకుంటూ వచ్చి నా కాళ్ల దగ్గర నిలబడితే, కోపం పట్టలేక చెవి మెలిపెట్టి తిట్టాను. ఆ తర్వాతినుంచి పిలిస్తే నాలుగడుగుల దూరం దాకా వచ్చి అక్కడే ఆగిపోయేది. చెయ్యి అందేంత దగ్గరికి మళ్లీ వచ్చేలా చేసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. నేను తిట్టింది పారిపోయినందుకు. దానికి తెలిసింది వచ్చినందుకు తిట్టారని.

కాబట్టి ‘దా’ అని పిలిచి స్నానం చేయించవద్దు, గోళ్లు కత్తిరించవద్దు, ఆట మాన్పించి గొలుసు వేయవద్దు. వాటికి మీరే లేచి వెళ్లి తీసుకురండి. పిలిచాక ఎంత ఆలస్యంగా వచ్చినా మెచ్చుకోండి. మొదట్లో మీరొక గదిలో, బాబు ఇంకో గదిలో ఉండి వంతులవారీగా పిలవండి. వచ్చినప్పుడల్లా చికెన్ స్థాయి బహుమతి, రోజువారీ ముక్క కాదు. తర్వాత కారిడార్‌లో. ఆపైన ఖాళీ స్థలంలో, ఛాతీ పట్టీకి పది మీటర్ల తాడు కట్టి. తాడు లాగడానికి కాదు, రోడ్డెక్కకుండా చూసుకోవడానికి. రాకపోతే వెంటపడవద్దు. వెంటపడితే అదొక ఆట, అందులో మీరు ఎప్పటికీ గెలవరు. వెనక్కి తిరిగి మీరే పరుగెత్తండి, వాడు మీ వెనక వస్తాడు. అపార్ట్‌మెంట్‌లో ఎవరు చూస్తారోనన్న సిగ్గు పక్కన పెట్టాలి. తాడు లేకుండా రోడ్డు పక్కన వదిలే ధైర్యం మాత్రం కనీసం ఏడాది దాకా చేయవద్దు.

ఇక్కడే ఒక నిరాశ ఎదురవుతుంది, ముందే చెబుతున్నాను. హాల్లో బంగారంలా కూర్చునే రాజా లిఫ్ట్ దగ్గర ‘కూచో’ అంటే కొత్త మాట విన్నట్టు చూస్తాడు. నాటకం కాదు. వాడు నేర్చుకున్నది ‘హాల్లో, పీట మీద కూర్చున్న అమ్మ ముందు కూర్చోవడం’. లిఫ్ట్ దగ్గర, నిలబడిన అమ్మ ముందు అనేది వేరే పాఠం. మళ్లీ ముక్క, మళ్లీ సైగ. రెండోచోట సగం టైము పడుతుంది, మూడోచోట ఇంకా తక్కువ. హాలు, వంటింటి గుమ్మం, కారిడార్, సెల్లార్, ఆ తర్వాతే వీధి. ఎక్కువసేపు కూర్చోమనడం, దూరంనుంచి చెప్పడం, గోలలో చెప్పడం, ఈ మూడింటినీ ఒకే రోజు పెంచకూడదు. ఒకటి పెంచితే మిగతా రెండూ తగ్గించాలి. వయసు కూడా చూడండి. ఆరునెలలనుంచి ఏడాది దాకా కుక్కలకు మన ఎనిమిదో తరగతి పిల్లల వయసు. వచ్చిన పాఠం కూడా ఒక వారం మరిచిపోతారు. కంగారుపడి కొత్త మాటలు పెట్టొద్దు.

మిగతావి తొందరగా చెబుతాను. ‘డౌన్’ కూర్చున్న భంగిమలోంచి: ముక్కను ముక్కునుంచి ముందుకాళ్ల మధ్యకు, నేలమీదికి దించండి. గచ్చు మీద పడుకోకపోతే గుడ్డ పరవండి. ‘ఆగు’ అన్నం గిన్నెతో వస్తుంది. గిన్నె దించుతూ ‘ఆగు’ అనండి, లేస్తే గిన్నె పైకి, కూర్చుంటే కిందికి. వాడే లెక్క కట్టుకుంటాడు. రెండు క్షణాలతో మొదలుపెట్టి పెంచండి, తర్వాత గేటు దగ్గర, లిఫ్ట్ తలుపు దగ్గర వాడండి. ‘వదిలెయ్’ అంటే మార్పిడి బేరం. నోట్లో ఉన్నదానికన్నా మంచిది చూపించి, వదిలాక ఇచ్చి, వీలైతే మొదటిదీ తిరిగి ఇచ్చేయండి. నోట్లోంచి గుంజుకుంటే మింగేయడం నేర్చుకుంటాడు. రోడ్డు మీద పారేసిన వండిన ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి కాబట్టి ఈ మాట బాగా అరగదీయండి. ఎండాకాలం వచ్చాక బయట పాఠాలు పొద్దున్నే పెట్టుకోండి. తారురోడ్డు మీద మీ అరచేతి వెనకభాగాన్ని ఏడు క్షణాలు ఆనించలేకపోతే వాడి పాదాలూ ఆనించలేవు.

బాబుతో ఆడుతూ పళ్లు తగిలిస్తుంటాడేమో, మీరు రాయలేదు గానీ ఆ వయసులో తగిలిస్తారు. తగిలిన క్షణంలో ఆట ఆపి లేచి వెళ్లిపోమనండి, అరవడం వద్దు. చర్మం తెగితే మాత్రం, మన కుక్కే కదా అనుకోకుండా, సబ్బుతో పారే నీటికింద 15 నిమిషాలు కడిగి, అదేరోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి. వాడి రేబిస్ టీకా కార్డు వెంట ఉంచుకోండి.

చివరగా అత్తగారు. ఆవిడ మీదికే ఎందుకు ఎగురుతాడో తెలుసా? ఎగిరితే ఆవిడ కేకేస్తారు, రెండు చేతులతో నెడతారు, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ ‘ఏంట్రా నీ గోల’ అని మాట్లాడతారు. కుక్క లెక్కలో ఇదంతా ఆటే, ఇంట్లో అందరికన్నా ఆవిడే బాగా ఆడతారు. పైగా పళ్లెంలోంచి అంతో ఇంతో పెడుతూనే ఉంటారు, కాదని రాయకండి, ప్రతి ఇంట్లోనూ పెడతారు. ఆవిడను వద్దనకండి, ఆవిడకే ఉద్యోగం ఇవ్వండి. గుమ్మం పక్కన అలమరలో మూతున్న చిన్న డబ్బా పెట్టి, అందులో ముక్కలు వేసి ఉంచండి. రాజా పరుగున వచ్చేటప్పుడు ఆవిడ చేయాల్సింది ఇంతే: కుర్చీలో కూర్చుని, చేతులు ఒడిలో పెట్టుకుని, ఎగిరితే మొహం గోడవైపు తిప్పేసుకోవాలి. నాలుగు కాళ్లూ నేలమీదికి వచ్చాక ‘కూచో’, కూర్చున్నాక ‘భేష్’, డబ్బాలోంచి ఒకటి. మొదటి నాలుగైదు రోజులు ఎగరడం పెరుగుతుంది, ఇంతకాలం పనిచేసినది ఎందుకు పనిచేయడంలేదని గట్టిగా ప్రయత్నిస్తాడు. ఆ రోజుల్లో మీరో మీవారో పక్కన ఉండి పట్టీ పట్టుకోండి, ఆవిడ పడకుండా. అది గడిస్తే గుమ్మంలో ఆవిడను చూడగానే వచ్చి కూర్చుంటాడు.

ఆవిడ అడిగినదానికి జవాబు కూడా చెప్పండి. వాడికి తెలుగు అర్థం కాదు, ఆవిడ గొంతు అర్థమవుతుంది. పగలంతా వాడితో మాట్లాడే మాటల్లో ఒక్కటి కూడా మానుకోనక్కర్లేదు. ‘నాన్నా’ అనొచ్చు, ‘దొంగవెధవా’ అనొచ్చు, పక్కింటివాళ్ల మీద చాడీలు కూడా చెప్పుకోవచ్చు. ఆ ఐదు మాటల్ని మాత్రం కబుర్లలో కలపకుండా, పక్కన పెట్టుకోమనండి. కళ్లజోడు లేకుండా కూడా కనబడేట్టు డబ్బా మూతమీద పెద్దక్షరాలతో రాసి అతికించండి. మీవారు వచ్చి ‘సిట్’ అంటే, ఆ మూత చూపించే అధికారం ఆవిడకు ఇచ్చేయండి.